గైడు లేని విద్యార్థి, బాధ్యత లేని విశ్వవిద్యాలయం

'వెనకబడ్డ విద్యార్థి' అనే మాటను మన కాలేజీల్లో చాలా తేలిగ్గా వాడేస్తారు. ఎవరు వెనకబడ్డారు, ఎవరు వెనక్కి నెట్టారు అన్న ప్రశ్న మాత్రం స్టాఫ్ రూముల్లో వినబడదు. వెనకబడ్డ వాడికి సలహా చెప్పటానికి మెంటరు, కౌన్సెలరు ఉండాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఉండాలి, మేమూ కాదనం. ఆ సలహా ఎక్కడ మొదలవ్వాలన్న దగ్గరే మా పేచీ.

సెంథిల్ కుమార్ సంగతి చూద్దాం. తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి, పందులు పెంచుకు బతికే కులం నుంచి వచ్చి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పిహెచ్.డి.లో చేరాడు. 2008 ఫిబ్రవరిలో హాస్టల్ గదిలో చనిపోయాడు. అప్పటికి అతనికి గైడుని కేటాయించనే లేదు. కోర్సువర్కులో ఒక పేపరు పోయింది. ఫెలోషిప్పేమో ఆ పేపరుతో ముడిపడి ఉంది. విచారించిన వినోద్ పావరాల కమిటీ కోర్సువర్కు, గైడు కేటాయింపు పద్ధతుల్లోని అస్పష్టతను ఎత్తిచూపింది.

అంటే పోయిన పేపరు గురించి కూచోబెట్టి మాట్లాడాల్సిన మనిషే అతనికి లేడు. కలిగిన ఇళ్ళల్లో ఫెలోషిప్ చేతిఖర్చు. మా ఇళ్ళల్లో అది కూడు. అది ఆగితే ఇక్కడ మెస్ బిల్లూ ఆగుతుంది, ఊళ్ళో పొయ్యీ ఆగుతుంది.

ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. తమకు ఉపాధ్యాయుల నుంచి తగినంత సహాయం అందటం లేదని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 69 శాతం మంది ఆ కమిటీకి చెప్పారు. దేశంలోకెల్లా కష్టమైన ఎంట్రన్సుల్లో ఒకటి రాసి వచ్చిన పిల్లలు వీళ్ళు. వీళ్ళకి చదువు రాదంటే నమ్మేదెట్లా?

"నేను అందర్నీ ఒక్కలాగే చూస్తానండీ" అంటారు అయ్యవార్లు. ఒకడికి ఇంట్లోనే ప్రొఫెసర్ బాబాయి ఉంటాడు. దరఖాస్తు ఎట్లా రాయాలో, ఎవర్ని కలవాలో భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. ఇంకొకడి ఇంట్లో కాలేజీ గడప తొక్కింది వాడొక్కడే. ఇద్దర్నీ ఒక్కలాగే చూడటమంటే మొదటివాడి పక్షాన నిలబడటమే.

యుజిసి 2012లో నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలంది. 2016 జనవరి 17న అదే సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. అప్పటికి అతనికి నెలల ఫెలోషిప్ బకాయి ఉంది. కాగితం మీది అధికారి పిల్లల్ని కాపాడలేడు.

మనసు డాక్టరు అవసరం లేదని మేమనం. కానీ విద్యార్థి దుఃఖానికి డిప్రెషన్ అని పేరుపెట్టి ఫైలు మూసేస్తే, డిపార్టుమెంటు చేసిన పని ఆ ఫైల్లో కనబడకుండా పోతుంది.

అందుకే మేము అడిగేవి చిన్న పనులు. గైడుని గడువులోగా ఇవ్వండి. ఇవ్వలేకపోతే కారణం రాసివ్వండి. పేపరు పోతే దిద్దిన జవాబులు చూపించి తప్పెక్కడో చెప్పండి. ఫెలోషిప్ ఆగితే పిల్లవాణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పకుండా మీరే ఫోన్ చేయండి. తెలుగు మీడియం అమ్మాయి సెమినార్లో మాట్లాడకపోతే విషయం తెలీదనుకోకండి, తెలుగులో అడిగి చూడండి.

ఇది దయ కాదు, మీరు జీతం తీసుకునే పని. చెయ్యని గైడుని పేరుపెట్టి అడిగే సంఘాలు క్యాంపస్‌లో బలంగా ఉన్నప్పుడే అది జరుగుతుంది.