‘అర్థమైందా?’ అని అడగని క్లాసు

లండన్‌లో ఆమె చెప్పిన మొదటి పాఠం 40 నిమిషాలు. అయ్యాక, గది వెనక కూర్చుని చూసిన ట్యూటర్ తప్పులేవీ ఏకరువు పెట్టలేదు. తాను రాసుకున్న కాగితంలో ఒక్క లెక్క చూపించాడు. ‘డు యు అండర్‌స్టాండ్?’ అని ఆమె 11 సార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ అందరూ తలూపారు. ఆ తర్వాత ఇచ్చిన అభ్యాసాన్ని మాత్రం ఒక్కరూ పూర్తి చేయలేకపోయారు.

ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో 14 ఏళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్న టీచర్ ఆమె. చీటీ పాడిన డబ్బుతో వేసవి సెలవుల్లో వెళ్లి, తమ్ముడింట్లో దిగి, ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇచ్చే సెల్టా కోర్సులో చేరింది. ‘అర్థమైందా?’ అని తాను అడగడం, ‘అర్థమైంది టీచర్’ అని యాభై గొంతులు ఒక్కసారే పలకడం ఇన్నేళ్లుగా ఆమె పాఠానికి ముగింపు. ఆ జవాబు వినపడితేనే పుస్తకం మూసేది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ యాభై గొంతుల్లో నిజంగా అర్థమైనవి ఎన్ని?

సెల్టా మూలం 1962లో ఉంది. ఆ ఏడాది లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్ రెండు వారాల టీచర్ శిక్షణ మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి, ఇవాళ కేంబ్రిడ్జ్ సర్టిఫికెట్ ఇచ్చే కోర్సయింది. తీరిక లేకుండా చదివితే నాలుగు వారాలు, కనీసం 120 గంటలు. అందులో 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, 6 గంటలు అనుభవజ్ఞుల పాఠాలు చూడాలి, 4 వ్యాసాలు రాయాలి. ఆరు గంటలేనా అనిపిస్తుంది. కానీ ఒక్కో పాఠానికి ప్లాను రాసేసరికి అర్ధరాత్రి దాటేది. ఏ నిమిషంలో ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎక్కడ చిక్కు పడుతుంది, పడితే ఎలా విప్పాలి, అన్నీ ముందే రాసుకోవాలి.

ఆమెకు వచ్చిన క్లాసులో ఒక బ్రెజిల్ వంటవాడు, జపాన్ నుంచి వచ్చిన విద్యార్థిని, ఒక సోమాలీ తల్లి, భవన నిర్మాణంలో పనిచేసే పోలండ్ మనిషి ఉన్నారు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. రెండో వారంలో ఆమె ‘యూజ్డ్ టు’ చెప్పాల్సి వచ్చింది. ‘ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ వార్సా.’ మన పిల్లలకైతే ‘ఉండేవాణ్ణి’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. అక్కడ ఆ దారి లేదు. బోర్డు మీద ఒక గీత గీసి, ఎడమ చివర గతం, కుడి చివర ఇవాళ అని గుర్తు పెట్టింది. ఆ తర్వాత మూడు చిన్న ప్రశ్నలు: ఇప్పుడు వార్సాలో ఉన్నాడా? ఒకప్పుడు ఉన్నాడా? ఒక్కరోజా, చాలాకాలమా?

వీటిని కాన్సెప్ట్ చెకింగ్ క్వశ్చన్స్ అంటారు. జవాబు ఒకటి రెండు మాటల్లో వస్తుంది, కానీ విషయం తెలియనివాడు తలూపి తప్పించుకోలేడు. మూడు ప్రశ్నలు రాయడానికి ఆమెకు ఒక సాయంత్రమంతా పట్టింది. తనకు ఆ వ్యాకరణం ఎంత తెలుసో ఆమె అప్పుడే తేల్చుకోవలసి వచ్చింది మరి.

ప్రశ్న అడగడం కంటే, అడిగాక ఆగడం ఆమెకు కష్టమైంది. అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే ఈ సంగతి కొలిచి చూపింది. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవు పెరుగుతుంది, నోరు విప్పే పిల్లల సంఖ్యా పెరుగుతుంది. మూడు సెకన్లంటే, చదువుతుంటే ఎంతో అనిపించదు. క్లాసు ముందు నిలబడితే తెలుస్తుంది. ఆమె కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ లెక్కపెట్టుకునేది. సోమాలీ తల్లి మొదటిసారి నోరు తెరిచింది అలాంటి ఒక విరామం చివరనే.

అయితే అక్కడ చూసినదంతా ఇక్కడికి మోసుకురావాలని ఆమె అనుకోలేదు. ఆ నిర్ణయం సరైనదే. లండన్ క్లాసులో ఇంగ్లిష్ తప్ప వేరే మాట వినపడకపోవడానికి కారణం అక్కడ అందరికీ తెలిసిన మరో భాష లేకపోవడం. దాన్నే నియమం చేసుకుని, ఒకే భాష మాట్లాడే యాభై మంది పిల్లల నోటికి తాళం వేస్తే పిల్లలే నష్టపోతారు. ‘ఉండేవాణ్ణి’ అన్న మాట మన చేతిలో ఉన్న పనిముట్టు. దాన్ని ఎందుకు పారేసుకోవాలి?

లండన్‌లోనే ఒక గ్రంథాలయంలో ఆమెకు, ఇంగ్లిష్ బోధనపై పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు పుస్తకం దొరికింది. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో జరిగిన ప్రయోగం గురించి ఆయన 1987లో ప్రచురించినది. వ్యాకరణ పాఠం బదులు పిల్లల ముందు రైలు టైంటేబుల్, పటం పెట్టి, వాటితో లెక్కలు తేల్చమనేవారు. సుద్దముక్క, నల్లబల్ల చాలు. ఇలా పని అప్పగించి భాష నేర్పే, ప్రపంచమంతా చెప్పుకునే టాస్క్ పద్ధతికి మన పక్క ఊళ్ల బడులే పునాది అని తెలుసుకోవడానికి తాను అంత దూరం రావలసి వచ్చిందని ఆమె ఇప్పటికీ బాధగా చెబుతుంది.

జూన్‌లో బడి తెరిచారు. తొమ్మిదో తరగతి, 52 మంది. బోర్డు మీద ఆమె రాసిన వాక్యం: ‘మై గ్రాండ్‌ఫాదర్ యూజ్డ్ టు గ్రో టొబాకో.’ పక్కన అదే గీత. తాత ఇప్పుడు పొగాకు వేస్తున్నాడా అని ఇంగ్లిష్‌లో అడిగి, కొంగు చాటున వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. చివరి బెంచీలో ఒక అబ్బాయి లేచాడు.

‘నో టీచర్. నౌ సుబాబుల్.’

పక్కవాడు ఊరుకోలేదు. వాళ్ల తాత ఇంకా పొగాకే వేస్తున్నాడట, పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ కూడా ఉందట. ‘అయితే మీ తాతకు ఈ వాక్యం పనికొస్తుందా?’ అని ఆమె తెలుగులో అడిగింది. వాడు బోర్డు మీది గీతను కాసేపు చూసి, ముందుకొచ్చి సుద్దముక్క తీసుకుని, ‘యూజ్డ్ టు’ కొట్టేశాడు.