‘రక్తకన్నీరు’ నాటకము – కుష్ఠు వ్యాధి : ఒక శాస్త్రీయ పరిశీలన

తెలుగుదేశమున పండితులను, పామరులను సమానముగా ఆకర్షించిన నాటకములలో ‘రక్తకన్నీరు’ ఒకటి. తిరువారూరు తంగరాసు తమిళమున రచించిన ఈ కథను ఎం.ఆర్. రాధా రంగస్థలముపై నటించి గొప్ప పేరు గడించెను. 1954 లో కృష్ణన్–పంజుల దర్శకత్వమున ఇది చలనచిత్రముగా వచ్చినది. తెలుగున నాగభూషణము దీనిని ఊరూర ప్రదర్శించి, నాటకము పేరే తన ఇంటిపేరు వలె నిలిచిపోవునంతటి కీర్తి పొందెను. 2003 లో ఇదే కథ కన్నడమున మరల చిత్రమైనది. ఇంతకాలము జనుల మనస్సులలో నిలిచిన కథ, తాను చూపిన వ్యాధిని గూర్చి ఏమి బోధించినదో విచారించుట అవసరము.

కథ అందరకు తెలిసినదే. విదేశములలో చదివి వచ్చిన ఒక ధనికుడు గర్వముచేత తల్లిని, భార్యను తృణీకరించి, వేశ్యకు లోబడి ధనమంతయు పోగొట్టుకొనును. అతనికి కుష్ఠు సోకును. ఆమెయే అతనిని వెళ్ళగొట్టును. చూపు పోయి, అవయవములు చెడి, వీధుల పాలై పశ్చాత్తాపపడును. తన భార్యను మిత్రుని చేతిలో పెట్టును. తన వికృతరూపమును విగ్రహముగా నిలిపి లోకమునకు హెచ్చరికగా ఉంచుమని తమిళ చిత్రకథానాయకుడు కోరును.

నాటకమునకు గల గుణములను కాదనుటకు వీలులేదు. సంభాషణలలోని వ్యంగ్యము పదునైనది. ధనమదమును, పరాయి నాగరకత మోజును, పెద్దమనుష్యుల కపటమును అది నిర్దయగా ఎండగట్టినది. రోగి పాత్రను నటించుట మిక్కిలి కష్టసాధ్యము. ఆ నటులు దానిని సాధించిరి. అయితే నటన ఎంత సహజముగా ఉండునో, ప్రేక్షకుడు దానిని అంత నిజమని నమ్మును. వైద్యశాల ముఖము చూడని పల్లెవాసికి కుష్ఠు అనగానే తలపునకు వచ్చునది ఈ రంగమే. కావున ఇందలి పొరపాట్లు కథలోనే ఆగిపోవు.

మొదటి పొరపాటు వ్యాధికారణమును గూర్చినది. కుష్ఠు పాపఫలము కాదు; సుఖవ్యాధియు కాదు. 1873 లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. దాని పేరు మైకోబాక్టీరియం లెప్రే. చికిత్స పొందని రోగి ముక్కునుండి, నోటినుండి వెలువడు తుంపరల ద్వారా, చిరకాలపు సన్నిహిత సహవాసము వలన ఇది ఇతరులకు సోకునని వైద్యుల అభిప్రాయము. అట్లు సోకినను నూటికి తొంబదియైదుగురికి వ్యాధి రాదు. వారి సహజ నిరోధకశక్తియే వారిని కాపాడును. ఈ సూక్ష్మజీవి రెండుగా చీలుటకే సుమారు రెండు వారములు పట్టును. అందుచేత వ్యాధి బయటపడుటకు సగటున ఐదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువది ఏండ్లు కూడ పట్టవచ్చును. అనగా, ఒకని మేనిపై నేడు కనబడిన మచ్చకు మూలము అతని బాల్యమున, స్వగృహముననే ఉండవచ్చును. భార్యను విడిచి వేశ్య ఇంటికి పోయిన దినములతో దానికి సంబంధము లేదు.

నాటకమున కాలమును కుదించుట తప్పదని సమాధానము చెప్పవచ్చును. నిజమే, ఇరువది ఏండ్ల కథను మూడు గంటలలో చూపవలెను గదా! కాని ఇక్కడ కుదించినది కాలమును మాత్రమే కాదు. ఒక కారణమును తీసివేసి, దానికి బదులు మరియొకదానిని పెట్టుట జరిగినది. సవాయి రోగమునకు చెప్పదగిన హేతువును కుష్ఠునకు అంటగట్టిరి. దీని ఫలితమేమి? మచ్చ కనబడిన పడుచు పిల్ల వైద్యుని వద్దకు పోవుటకు సిగ్గుపడును. ఆమె నడవడిని గూర్చి ఊరివారు గుసగుసలాడుదురని తల్లిదండ్రులు భయపడుదురు. ఆ సిగ్గులో గడచిన ప్రతి నెలయు నరములకు నష్టమే.

రెండవ పొరపాటు వ్యాధిస్వరూపమును గూర్చినది. రంగస్థలముపై కనబడునది ముదిరిన, చికిత్స లేని రూపము మాత్రమే. నిజమునకు ఈ వ్యాధి అందరిలో ఒకే విధముగా ఉండదు. 1966 లో రిడ్లీ, జాప్లింగ్ అను శాస్త్రజ్ఞులు రోగి నిరోధకశక్తిని బట్టి దీనిని ఒక వర్ణపటము వలె ఐదు తరగతులుగా విభజించిరి. ఒక కొసన నిరోధకశక్తి బలముగా నున్నవారు. వీరి శరీరముపై ఒకటి రెండు మచ్చలే ఉండును, సూక్ష్మజీవులు దాదాపు కనబడవు. రెండవ కొసన ఆ శక్తి లోపించినవారు. వీరి చర్మమంతట సూక్ష్మజీవులు కోట్ల కొలదిగా నుండును, చెవితమ్మెలు దళసరియగును, కనుబొమల వెండ్రుకలు రాలును. నడుమనున్నవి మూడు మధ్యస్థితులు. చికిత్స సౌకర్యము కొఱకు ఐదు వరకు మచ్చలు గలవారిని ఒక వర్గముగాను, అంతకు మించిన మచ్చలు గలవారిని మరియొక వర్గముగాను నేడు లెక్కించుచున్నారు. ప్రేక్షకుడు ఎఱిగిన రూపము రెండవ కొసదే. తన చేతిమీది పాలిపోయిన, స్పర్శ తెలియని చిన్న మచ్చకును, వేదికపై దొర్లుచున్న ఆ దీనునికిని సంబంధమున్నదని అతడు ఎట్లు ఊహించును? గుర్తింపవలసిన దశను చూపక, గుర్తింప నక్కరలేని దశను చూపుటయే ఈ చిత్రణలోని పెద్దలోపము.

వ్రేళ్లు కుళ్లి రాలిపోవుననుట గూడ సరికాదు. వేలూరు వైద్యకళాశాలలో 1946 నుండి పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించెను. ఆయన చూపిన సత్యమిది: ఆ వ్రేళ్ల మాంసమునకు తనంతట కుళ్లు స్వభావము లేదు. నరము చెడినందున నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు వేడి గిన్నెను పట్టుకొనును, ముల్లు గ్రుచ్చుకొన్నను నడచును, పుండుపడినను విశ్రాంతి నీయడు. ఈ గాయములే అవయవములను హరించును. అనగా, తగిన పాదరక్షలు, నిత్యము చేతులను కాళ్లను పరీక్షించుకొను అలవాటు చాలవరకు వైకల్యమును ఆపగలవు. వంకరపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయవచ్చునని బ్రాండ్ అదే దశాబ్దమున నిరూపించెను. కథలోని విధిలిఖితము ఆనాటికే చెదరుచుండెను.

మూడవ విషయము చికిత్స. పూర్వము చాల్‌మూగ్రా జాతి గింజల తైలమే ఆధారము. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు నడిపిన ఆశ్రమము ఇట్టి చికిత్సకు పేరుపొందినది. 1941 లో అమెరికాలోని కార్విల్ వైద్యశాలలో సల్ఫోన్ జాతి మందులు గుణమిచ్చునని తేలినది. ఆ దశాబ్దముననే చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ వానిని వాడెను. కావున తమిళ చిత్రము వెలువడునాటికి ఆ రాష్ట్రముననే ఈ వ్యాధికి మందు లభించుచుండెను. నాటకమునకు ఆ వార్త చేరలేదు. తరువాత డాప్సోన్ ఒక్కటియే వాడుట వలన సూక్ష్మజీవులు దానికి లొంగకపోసాగెను. అందుచేత రిఫాంపిసిన్, క్లోఫాజిమైన్, డాప్సోన్ కలిపి ఇచ్చు బహుళ ఔషధ చికిత్స 1982 నుండి ప్రచారములోనికి వచ్చినది. వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలు గాని, పండ్రెండు నెలలు గాని దీనిని వాడవలెను. మందు మొదలిడిన స్వల్పకాలముననే రోగి ఇతరులకు వ్యాధిని అంటింపజాలని స్థితికి వచ్చును.

ఇంతవరకు నాటకమునకు విరుద్ధముగా చెప్పినదంతయు ప్రచారపుస్తకములలోను కనబడును. కాని ఆ పుస్తకములపై గూడ ఒక విమర్శ చేయక తప్పదు. “మందు మ్రింగుడు, రోగము పోవును” అని అవి ముగించును. నడుమ జరుగు ఒక ముఖ్య ఘట్టమును విడిచిపెట్టును. దానినే వైద్యులు ‘ప్రతిచర్య’ అందురు. రోగులు రియాక్షన్ అనియే పిలుతురు. చికిత్సా సమయమున గాని, ముందు గాని, వెనుక గాని, శరీరపు నిరోధకశక్తి సూక్ష్మజీవులపై ఒక్కసారిగా తిరుగబడుట వలన ఇది కలుగును. సూక్ష్మజీవి స్వయముగా చేయు హాని మెల్లనిది. ఈ తిరుగుబాటు వలన కలుగు హాని దినములలో జరిగిపోవును.

ప్రతిచర్య రెండు విధములు. మొదటిది ఎక్కువగా మధ్యస్థితులయందలి రోగులకు, తరచుగా చికిత్స ప్రారంభించిన మొదటి నెలలలో వచ్చును. పాత మచ్చలు ఎఱ్ఱబారి ఉబ్బును. మోచేతివద్ద, మోకాలి ప్రక్కన, చీలమండవద్ద నుండు నరములు వాచి నొప్పిపెట్టును. చేతి పట్టు సడలవచ్చును; పాదము వ్రేలాడవచ్చును; కనురెప్ప మూతపడకపోవచ్చును. ఒక్కొక్కప్పుడు నొప్పియే లేకుండ బలము తగ్గిపోవును. అది మరింత ప్రమాదకరము. రెండవ విధము సూక్ష్మజీవులు విస్తారముగా నున్న రోగులకు వచ్చును. చనిపోయిన సూక్ష్మజీవుల భాగములతో ప్రతిదేహములు కలిసి పేరుకొనుట ఇందుకు ఒక ముఖ్య హేతువు. జ్వరము, ముట్టిన నొప్పిపెట్టు ఎఱ్ఱని గడ్డలు, కీళ్లనొప్పులు, కంటి లోపలి వాపు దీని లక్షణములు. ఇది మాటిమాటికి తిరిగి రావచ్చును. చికిత్స పూర్తియైన తరువాత కూడ కొన్ని ఏండ్లు బాధింపవచ్చును.

ఈ రెండింటికిని మందు ఉన్నది. ప్రెడ్నిసోలోన్ అను ఔషధమును వైద్యుని పర్యవేక్షణలో, మోతాదును క్రమముగా తగ్గించుచు, కొన్ని నెలలు వాడుదురు. రెండవ విధమునకు క్లోఫాజిమైన్ హెచ్చు మోతాదున ఉపయోగపడును. థాలిడోమైడ్ కూడ బాగుగా పనిచేయును గాని, గర్భస్థశిశువునకు ఘోరమైన హాని చేయును గనుక దానికి కఠిన నిబంధనలు కలవు. నరము దెబ్బతిని ఆరు నెలలు దాటక మునుపు చికిత్స లభించినచో పోయిన బలము చాలమందిలో కొంతవరకైనను తిరిగివచ్చును. ఆలస్యమైనచో వైకల్యము స్థిరపడును. ఇంకొక ముఖ్య నియమము: ప్రతిచర్య వచ్చినదని అసలు మందులను మానరాదు.

ఇక్కడనే నాటకము నేర్పిన పాఠము, పుస్తకము నేర్పని పాఠము కలిసి రోగిని ముంచును. మందు మ్రింగుచున్నను మచ్చలు ఎఱ్ఱబారెను, చేయి చచ్చుబడుచున్నది. పైగా క్లోఫాజిమైన్ వలన చర్మము నల్లబడినది. రోగము తగ్గుననిరే గాని ఇట్లగునని ఎవరును చెప్పలేదు. అప్పుడతని మనస్సులో మెదలునది వేదికపై చూచిన ఆ రూపమే: ఎంత ధనము పోసినను మానని రోగము, తప్పించుకొనరాని శిక్ష. అతడు మాత్రలను ప్రక్కన పెట్టును. వైద్యుడు గుణము కనబడుచున్న దశయని ఎంచిన సమయముననే రోగి ఆశ విడుచును. ప్రతిచర్యను గూర్చి ముందుగా రెండు మాటలు చెప్పియుండినచో అతడు మందు మానుటకు బదులు వైద్యశాలకు పరుగెత్తియుండును.

కథానాయకుని అంధత్వమును గూడ ఈ దృష్టితో చూడవలెను. కుష్ఠులో చూపు పోవుటకు ముఖ్యకారణములు రెండు: రెప్పలు మూతపడక కంటిపాప ఎండి పుండుపడుట, ప్రతిచర్య వలన కంటి లోపల వాపు కలుగుట. వేళకు గుర్తించినచో రెండింటిని చాలవరకు నివారింపవచ్చును. నాటకమున దైవదండనముగా కనబడు అంధత్వము, వైద్యుని దృష్టిలో ఆలస్యమునకు పేరు.

భార్యను విడిచిపెట్టు ఘట్టము గూడ విచారణీయము. చిత్రము వెలువడిన మరుసటి యేట, అనగా 1955 లో వచ్చిన హిందూ వివాహ చట్టము, నయముకాని తీవ్ర కుష్ఠును విడాకులకు ఒక కారణముగా చేర్చినది. ఆనాటి సంఘము అభిప్రాయమే అది. నాటకము దానికి కన్నీరు జోడించినది. కుష్ఠురోగులను నిర్బంధించుటకు వీలు కల్పించిన 1898 నాటి చట్టము 2016 లో రద్దయినది. వివాహ చట్టములలోని ఆ కారణమును 2019 లో తొలగించిరి. చట్టము తన అభిప్రాయమును మార్చుకొన్నది. విగ్రహముగా నిలిచిన చిత్రణము మాత్రము మారలేదు.

కళ వైద్యగ్రంథము కాదనుట న్యాయమే. కాని ఈ కథలోని నీతికి కుష్ఠు అవసరము లేదు. తల్లిని తృణీకరించినవాని పతనము ఏ రోగము లేకున్నను పతనమే. పాపికి కుష్ఠును శిక్షగా చూపినచో, రోగి ప్రతివాడును పాపిగా తోచును. గర్విష్ఠుని కొట్టుటకు ఎత్తిన కర్ర, ఏ తప్పు చేయని లక్షల మందికి తగిలినది.

ఈ చర్చ గతమునకు సంబంధించినది మాత్రమే కాదు. 2005 డిసెంబరు నాటికి దేశము మొత్తముపై రోగుల సంఖ్య పదివేల జనాభాకు ఒకరికంటె తగ్గినది. ఐనను 2023 లో ఒక్క భారతదేశముననే లక్షకు పైగా క్రొత్త రోగులను గుర్తించిరి. ప్రపంచమున గుర్తించిన వారిలో సగముకంటె ఎక్కువ వీరే. వీరిలో బాలబాలికలును కలరు. ఉపాధ్యాయులు ఈ నాటకమునే తరగతిలో చర్చనీయాంశముగా తీసికొనవచ్చును. కథలోని కారణము నిజమా? మొదటి లక్షణమేది? మందు వాడుచుండగా మచ్చ ఎఱ్ఱబడినచో ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పగల విద్యార్థి, తన మేనిపై గాని పొరుగువాని మేనిపై గాని స్పర్శలేని మచ్చ కనబడిననాడు దానిని దాచిపెట్టడు, దాచనీయడు.