క్లిక్కుకు లొంగని దరువు

తెలుగు స్వతంత్ర బ్యాండ్లను మనం పాటలతోనే గుర్తుపెట్టుకుంటాం. చౌరస్తా అనగానే ‘ఊరెళ్లిపోతా మామా’ నోట్లో ఆడుతుంది; ఆల్బమ్ ఏదని ఎవరూ అడగరు. యూట్యూబ్ కాలంలో అదేమీ తప్పు కాదు. కానీ అరకు థింసాను రాక్‌లోకి తేవాలనుకునే బ్యాండ్‌కు ఒక్క పాట చాలదనీ, మామూలు స్టూడియో పద్ధతి అసలే పనికిరాదనీ నా వాదన. థింసా అంటే ఒకే తాళం కాదు. గ్రామదేవతను కొలిచే బోడ థింసా వేరు, వంగి లేస్తూ ఆడే గొడ్డిబేట వేరు, ఒక్కరే ఆడే నాటికారి వేరు. చైత్రమాసపు వేట పండగకైనా పెళ్లికైనా, చేతులు పెనవేసుకుని వరుసగా కదిలే ఆడవాళ్ల అడుగును బట్టే తుడుము, డప్పు, కిరిడి, మోరి మోగుతాయి. వరుస ఊపందుకుంటే దరువూ పరుగెత్తుతుంది. మంచుకు చర్మం వదులైన డప్పును మంట దగ్గర కాచి తెస్తే నాదమే మారిపోతుంది. ఈ మార్పులన్నిటికీ చోటు ఇవ్వగలిగేది ఆల్బమే. స్టూడియోలో మాత్రం చెవికి లయ కొలిచే క్లిక్ తగిలించి తుడుమును ఒకరోజు, మోరిని ఇంకోరోజు విడివిడిగా పట్టుకుంటారు. ఎదురుగా అడుగే లేనప్పుడు దరువు ఎవరికోసం పరుగెత్తాలి? ఇంకా సులువైన దారి, నాలుగు మాత్రల ముక్క కోసి లూప్ చేసి దానిమీద గిటార్ పరచడం. దానికి ‘ట్రైబల్ బీట్’ అని పేరు.

అందరినీ ఒకేసారి రికార్డు చేస్తే తుడుము మోత గొంతు మైకులో పడుతుందనీ, ఒక్కరు తప్పినా మొత్తం మళ్లీ వాయించాలనీ ఇంజనీర్లు అంటారు. నిజమే. అయితే కెనడా బ్యాండ్ కౌబాయ్ జంకీస్ 1987 నవంబరు 27న టొరంటోలోని ఒక చర్చిలో ఒకే మైకు చుట్టూ చేరి ‘ది ట్రినిటీ సెషన్’ రికార్డు చేసింది. ఎవరు ఎంత దూరంలో ఉండాలన్నదే వాళ్ల మిక్సింగ్. మన దేశంలో ఇండియన్ ఓషన్ 1997లో ‘డెజర్ట్ రెయిన్’ను ఢిల్లీ కచేరీలోనే పట్టుకుంది. అదే బ్యాండ్ 2000లో స్టూడియోలో చేసిన ‘కాందిసా’ గొప్పది కాదా అంటే, గొప్పదే. అయితే అది ఏళ్ల తరబడి కలిసి వాయించిన నలుగురి పని. ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. నిన్న పరిచయమైన మోరి కళాకారుణ్ని గాజు గదిలో ఒంటరిగా నిలబెట్టి ఆ ఫలితం ఆశించలేం.

శ్రుతి పేచీ ఒకటి మిగిలింది. చేత్తో చేసిన మోరి స్వరాలు కీబోర్డు మెట్లకు అతకాలని లేదు. సాఫ్ట్‌వేర్‌తో మోరిని సరిదిద్దేకంటే గిటార్ తీగలు సవరించుకోవడం నిమిషాల పని. ఎవరు ఎవరి దారికి రావాలన్నదే అసలు గొడవ. ఖర్చు సంగతికొస్తే, 2012 కాపీరైట్ సవరణ ప్రకారం ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే కళాకారుడికి రాయల్టీ హక్కు ఉంది. పాట సంప్రదాయానిదే అయినా వాయించిన చెయ్యి ఒకరిది కదా. కొండ మీద కలిసి కూర్చుని చేసిన ఆల్బమ్‌లో ఎవరు ఏం వాయించారో అందరికీ తెలుస్తుంది, పేరు వేయాలి, వాటా ఇవ్వాలి. పేరు లేని లూప్ ఏమీ అడగదు. అరకు దాకా వెళ్లి రికార్డు చేయడం తలకు మించిన ఖర్చని బ్యాండ్లు చూపించే లెక్కలో ఈ వాటా పద్దు ఎక్కడ దాగిందో వెతకాలి.