ఎర్ర కణం బిగుసుకుంటే

నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ రోడ్డెక్కితే మన్యం మొదలవుతుంది. తరతరాలుగా మలేరియా పీడించిన నేల అది. జ్వరమొస్తే రక్తపు చుక్క తీసి పరాన్నజీవి ఉందా లేదా అని చూస్తారు. అదే చుక్కలో చూడాల్సింది ఇంకొకటుంది: ఎర్ర కణం ఎంత బిగుసుకుందన్నది. అది తేల్చాలంటే మెత్తని పదార్థాల భౌతికశాస్త్రం కావాలి. అటు ఘనమూ కాక ఇటు ద్రవమూ కాని జిగుర్లు, నురుగులు, పొరలే దాని సరుకు. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లు పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి పదును చెప్పినట్టే, ఈ శాస్త్రజ్ఞులూ పదార్థాన్ని లాగి, నొక్కి లోపలి అమరికను పసిగడతారు. అలాంటివాళ్లు జీవకణం వైపు రావడం దారి తప్పడం కాదు, తమ విద్యను అత్యవసరమైన చోటికి తేవడం.

పనిముట్లే చూడండి. ఎర్ర కణం అడ్డుకొలత సుమారు 8 మైక్రాన్లు. తనకన్నా సన్నని కేశనాళికల్లోంచి మడతపడి దూరిపోతుంది. కొన ఒకటి రెండు మైక్రాన్లుండే గాజు గొట్టంతో దాని పొరను మెల్లగా పీలిస్తే, ఎంత పీడనానికి ఎంత పొర లోపలికి వచ్చిందన్నదాన్ని బట్టి బిగువు తెలుస్తుంది. రెండోది లేజర్ పట్టకారు. ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ తెచ్చింది ఇదే. కణానికి ఇరుపక్కలా సిలికా పూసలు అంటించి, ఒకదాన్ని గాజు మీద నిలిపి, రెండోదాన్ని కాంతితో పట్టి లాగితే గుండ్రని కణం కోలగా సాగుతుంది. ఐఐటీ మద్రాసులో చదివి, లోహాలు పదేపదే ఒత్తిడికి ఎలా పగులుతాయో పరిశోధించిన సుబ్రా సురేష్, ఎంఐటీ బృందంతో ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి సోకిన కణాలను ఇలాగే లాగి చూశారు. పరాన్నజీవి ముదిరేకొద్దీ కణం పది రెట్ల దాకా గట్టిపడుతుందని 2005లో ప్రకటించారు.

బిగువు లక్షణమే, కారణం ప్రోటీన్లలో ఉందని జీవశాస్త్రజ్ఞులు అంటారు. నిజమే. అందుకే 2007లో ఆ బృందం పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లతో కలిసి, రేసా అనే ప్రోటీన్ జన్యువు లేని పరాన్నజీవిని పరీక్షించింది; ఆ కణాలు అంతగా బిగుసుకోలేదు. జన్యువు తీయడం ఒకరి విద్య, తేడా కొలవడం మరొకరిది. ప్రాణమున్న పొరకు జడపదార్థ సూత్రాలు చాలవన్నదీ సరైన మాటే. శక్తిని ఖర్చు చేస్తూ కదిలే పొరలకు తగిన సిద్ధాంతాన్ని 2000లో రాసిన ముగ్గురిలో శ్రీరామ్ రామస్వామి ఒకరు; తర్వాత హైదరాబాద్ టీఐఎఫ్‌ఆర్ కేంద్రానికి నాయకత్వం వహించారు.

కొలతలతో జ్వరం తగ్గుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు దోమ దగ్గరుంది. 1897లో సికిందరాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. మనిషి నుంచి దోమకు చేరే ఫాల్సిపారం రూపం ఉన్న కణం మొదట బిరుసుగా ఉండి ఎముక మజ్జలో దాగుతుంది. పక్వమయ్యాక మళ్లీ మెత్తబడి రక్తంలో తిరుగుతుంది. ఆ మెత్తదనాన్ని సిల్డెనాఫిల్ అనే మందుతో పోగొడితే, రక్తాన్ని వడకట్టే ప్లీహాన్ని పోలిన జల్లెడలో అలాంటి కణాలు ఎక్కువగా చిక్కుకుంటాయని 2015లో ప్రయోగశాలలో తేలింది. అలా చిక్కుకుంటే దోమకు చేరేవి తగ్గుతాయి. ఇది మలేరియా చికిత్సగా మారడానికి ఇంకా చాలా పని ఉంది. కానీ కణాన్ని లాగి చూసినవాళ్లు లేకపోతే ఈ దారి ఉందనే తెలిసేది కాదు.