మొదటి వైపు, రెండో వైపు

పొద్దున్నే వీధి చివర మైకులో ఘంటసాల భగవద్గీత మొదలైతే తెలుగు ఇళ్లలో ముందు వచ్చే మాట ఒకటే: "ఎవరు పోయారు?" ఎవరో గుమ్మంలోకి వచ్చి చూస్తారు. వైకుంఠ రథం మలుపు తిరుగుతుంది, గొంతు సన్నబడుతుంది, ఎవరి పనిలో వాళ్లు పడతారు. యాభై ఏళ్లుగా ఇలా ముక్కలు ముక్కలుగా చెవిన పడుతున్న ఈ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈ కాలమ్ రాసే మనిషి కూడా మొన్న మొన్నటి దాకా వినలేదు. తండ్రి దాచుకున్న క్యాసెట్ల అట్టపెట్టెను ఈ వేసవిలో అటక మీంచి దించాకే ఆ పని మొదలైంది. పెట్టుకున్న నియమం చిన్నదే. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక ఒక ఆల్బమ్. మొదటి వైపు నుంచి వరుసగా, మధ్యలో లేవకుండా, ఫోను వేరే గదిలో పెట్టి. వినాల్సినవి మిగిలిపోయాయంటే తెలియని పేర్లే గుర్తొస్తాయి. పెట్టె తెరిచాక తేలింది వేరు. ఎక్కువ అన్యాయం జరిగింది తెలుసు అనుకున్నవాటికే.

మొదటి శుక్రవారం భగవద్గీతే. ఘంటసాల దీన్ని ఆరోగ్యం దెబ్బతిన్న చివరి రోజుల్లో హెచ్.ఎం.వి. కోసం పాడారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు. రికార్డు విడుదలైంది ఆ తర్వాతే. గీతలో ఉన్నవి 700 శ్లోకాలైతే ఆయన ఎంచుకుని పాడినవి నూరు పైచిలుకు. రాగాలు మారుస్తూ శ్లోకం పాడటం, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పడం, ఇదీ దాని నడక.

వరుసగా వింటే ముందుగా పట్టుకునేది ఆ తాత్పర్యమే. సినిమా పాటల్లో ఘంటసాల పాడటం వేలసార్లు విన్నాం, మాట్లాడటం విన్నది తక్కువ. ఇక్కడ ఆయన మాట్లాడతారు. వాక్యం చివర గొంతు దించే తీరు, ఒత్తుల దగ్గర తొందర లేకపోవడం, శ్లోకానికీ అర్థానికీ మధ్య వదిలే ఊపిరంత జాగా... మైకులో ఇవేవీ వినపడవు. విజయనగరంలో మధూకరం చేసుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకున్న కుర్రాడి ఉచ్చారణ ఎంత శుభ్రంగా ఉందో ఈ మాటల్లో తెలుస్తుంది.

రెండోది ఇంకా పెద్ద విషయం. ఆత్మకు చావు లేదనే శ్లోకాలు సాంఖ్యయోగంలో, అంటే మొదట్లోనే అయిపోతాయి. ఆ తర్వాతదంతా బతుకు గురించే. పని ఎలా చేయాలి, కోపం మనిషిని ఎక్కడికి దిగజారుస్తుంది, ఆకో పువ్వో పండో నీళ్లో ఇచ్చినా అందులో భక్తి ఎందుకుండాలి, విశ్వరూపం చూసి అర్జునుడు ఎలా వణికిపోయాడు. అయితే చాలా ఊళ్లలో మొదటి వైపు పూర్తయ్యేలోపే శ్మశానం వచ్చేస్తుంది. రెండో వైపు తిప్పే అవసరమే పడదు. బతికున్నవాళ్ల కోసం పాడిన ఆల్బమ్ చావు కబురుగా మిగిలిపోవడానికి ఇది కూడా ఒక కారణమని ఈ రచయిత నమ్మకం.

ఈ 'వైపు' అనే మాట దగ్గర కాస్త ఆగాలి. 78 ఆర్.పి.ఎం. రికార్డుల కాలంలో ఒక్కో పక్కకు మూడు, నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు అంతటి వయొలిన్ విద్వాంసుడైనా రికార్డు కోసం ఆ కొలతకే కుదించి వాయించాలి. 1948లో అమెరికాలో ఎల్పీ వచ్చింది. నిమిషానికి 33⅓ చుట్లు, పక్కకు ఇరవై నిమిషాల పైన. రాగానికి ఊపిరి అందింది. దాంతో పాటు పాటలను ఏ వరుసలో పేర్చాలి, ఏది మొదటి వైపు ముగింపులో ఉండాలి అన్న ఆలోచనా పెరిగింది. క్యాసెట్లు ఆ అలవాటును మన ఊళ్లకు తెచ్చాయి. అరవై నిమిషాల క్యాసెట్లో ముప్పై నిమిషాలకు ఒకసారి లేచి తిప్పాలి. ఆ లేవడంలోనే అంతవరకు విన్నది మనసులో సర్దుకుంటుంది.

రెండో వారం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల'. తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో 1979-80 ప్రాంతంలో వచ్చిన అయిదు రికార్డుల వరుస ఇది. అందులోని అన్నమయ్య కీర్తనలు నాలుగైదు తెలుగువాళ్లందరికీ తెలుసు. గుళ్లో, పెళ్లి పందిట్లో, పొద్దుటి రేడియోలో వాటినే విన్నాం. వాటి పక్కనే సంస్కృత స్తోత్రాలు, నామ రామాయణం ఉన్నాయన్న ధ్యాస లేకుండా ముప్పై, నలభై ఏళ్లు గడిపేశాం.

దీని వెనకున్న పనిని తలచుకుంటే ఇంకా ముచ్చటేస్తుంది. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి కానీ స్వరాలు లేవు. పాట ఎలా పాడేవారో చెప్పేవాళ్లూ లేరు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటికి వరసలు కట్టడం మొదలుపెట్టారు. పిఠాపురం దగ్గరి కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తి ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. ఆయన కట్టిన వరసలే కొన్ని ఈ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు వెళ్లి ఎం.ఎస్.కు స్వయంగా నేర్పారు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి, తెలుగు ఆమె ఇంటి భాష కాదు. ప్రపంచమంతా పేరున్న గాయని ఆ వయసులో కొత్త పాటలు చిన్న విద్యార్థిలా కూర్చుని నేర్చుకున్నారు. రేవతి రాగంలోని కీర్తనను వరుసలో దాని ముందూ వెనకా ఉన్నవాటితో కలిపి వింటే ఆ శ్రద్ధ చెవికి తెలుస్తుంది. విడిగా వింటే అది ఒక మంచి పాట, అంతే.

ఇక ఇళయరాజా. 1980లలో తెలుగు ఇళ్లలో ఆయన పాట మోగని రోజు లేదు. 'సాగర సంగమం' 1983లో వచ్చింది. 1986లో 'స్వాతిముత్యం' వచ్చింది. అదే 1986లో ఆయన పాటల్లేని ఆల్బమ్ ఒకటి చేశారు, పేరు 'హౌ టు నేమ్ ఇట్'. త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాక్‌కూ అంకితం. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ దానికి ప్రాణం. పాటల్లేవు కాబట్టి మనలో చాలామంది ఇళ్లలో అది మూలనే ఉండిపోయింది. ఈ పెట్టెలోనూ ప్లాస్టిక్ కవరు చింపకుండానే దొరికింది.

అందులో ఒక ముక్క పేరు 'ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్', బాక్‌ను మా ఇంట్లో కలిశాను అని. తర్వాతి ముక్క పేరు '...అండ్ వి హ్యాడ్ ఎ టాక్', మాట్లాడుకున్నాం కూడా అని. రెండు పేర్లూ కలిస్తేనే ఒక వాక్యం. బాక్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన ప్రెల్యూడ్ ఇందులో వినిపిస్తుంటే మన వయొలిన్ దాన్ని పలకరిస్తుంది. ఫోనులో పాటలు కలగాపులగంగా వచ్చే పద్ధతి పెట్టుకుంటే ఆ వాక్యం మధ్యలోనే తెగిపోతుంది. ఇళయరాజాకు తాము వీరాభిమానులం అనుకునేవాళ్లు ముందు వినాల్సింది ఈ ఆల్బమే.

పాత క్యాసెట్లు వినేటప్పుడు కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. అందుకే ముందు ఒకసారి చివరి దాకా తిప్పి, వెనక్కి చుట్టాలి. దూదితో స్పిరిట్ అద్ది ప్లేయర్ హెడ్‌ను తుడవాలి. టేపు వెనకుండే చిన్న స్పాంజి మెత్త ఊడిపోతే శబ్దం మందగిస్తుంది. చక్రంలో పెన్సిల్ పెట్టి తిప్పడం ఈ తరానికి చెప్పి చూపించాల్సిన విద్య. ఎక్కువ కాలం చుట్టలో ఉండిపోయిన టేపులో ఒక పొర అయస్కాంత ముద్ర పక్క పొర మీద పడుతుంది. దాంతో గొంతు మొదలవడానికి ముందే అదే గొంతు నీడలా సన్నగా వినిపిస్తుంది. ఆ శుక్రవారం ఘంటసాల శ్లోకం అందుకోబోయే ముందు అలాంటి నీడ ఒకటి వినిపించింది. యాభై ఏళ్ల నాటి ఊపిరి దగ్గరికొచ్చినట్టు ఒళ్లు జలదరించింది.

వచ్చే శుక్రవారం మాండొలిన్ శ్రీనివాస్ వంతు. పాలకొల్లులో పుట్టి, పాశ్చాత్య వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి ఒప్పించిన ఆయన 'రామ శ్రీరామ' 1994లో ఇంగ్లండ్‌కు చెందిన రియల్ వరల్డ్ సంస్థ ద్వారా వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. అప్పటిదాకా ఆ ఆల్బమ్ పూర్తిగా వినలేదన్న బాధ ఈ రచయితకు ఉంది.

మీ ఇంటి అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఉండే ఉంటుంది. పాత సామాన్ల బండికి వేసే ముందు ఒక్కసారి దించండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ క్యాసెట్ ఎప్పుడు ఎందుకు కొన్నారో చెబుతారు. గీతతో మొదలుపెట్టేవాళ్లు పొరుగువారికి ముందే ఒక మాట చెప్పండి, కంగారుపడకుండా.