ముందే తెలిసిపోయే నిర్దోషి

మీర్‌పేట్ నుంచి సాగర్ రోడ్డు మీదికొస్తే, ఎదురయ్యే బస్సుల్లో చాలావాటి మీద ఇబ్రహీంపట్నం అని రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు మన ఇబ్రహీంపట్నం కన్నా ముందు విజయవాడ పక్కనున్న ఇంకో ఇబ్రహీంపట్నం గుర్తొస్తుంది. 2007 డిసెంబర్ 27న అక్కడి ఒక లేడీస్ హాస్టల్లో బీ ఫార్మసీ చదువుతున్న ఆయేషా మీరా హత్య జరిగింది. నేనప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. మా పిన్ని ఆ సంక్రాంతి సెలవుల తర్వాత తన కూతుర్ని హాస్టల్‌కి పంపనంది. ఆ భయం మా ఇంట్లో చాలా రోజులుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మొన్న శనివారం రాత్రి 'కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ' రెండోసారి చూస్తున్నాం. సినిమా అయిపోవడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. మా ఆవిడ రిమోట్ పక్కన పెట్టి, "ఏం కాదులే వాడికి, వదిలేస్తారు" అని నిద్రకి లేచింది. తను తప్పేం అనలేదు. వదిలేస్తారని నాకూ తెలుసు. ఆ కుర్రాడు ఏ తప్పూ చెయ్యలేదని కూడా మొదటి అరగంటలోనే తెలుసు. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. చెయ్యని నేరానికి ఇరుక్కున్న మనిషి మీద మనవాళ్ళు ఇన్ని సినిమాలు తీస్తున్నారు కదా, ఒక్కదాంట్లోనైనా మనం తప్పుగా నమ్మే అవకాశం ఉందా? ఆ ప్రశ్న కోసం 'నాంది' మళ్ళీ చూశాను, 'విసారణై' మళ్ళీ చూశాను.

'నాంది' 2021 ఫిబ్రవరిలో వచ్చింది. విజయ్ కనకమేడల మొదటి సినిమా. హీరో బండి సూర్యప్రకాశ్ (అల్లరి నరేశ్) మనలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమ్మానాన్నల్ని బాగా చూసుకుంటాడు, పెళ్ళి కుదిరింది. ఒకరోజు పోలీసులొచ్చి, పౌరహక్కుల లాయర్ హత్య కేసులో తీసుకెళ్ళిపోతారు. స్టేషన్లో బట్టల్లేకుండా వేలాడదీసి కొట్టే సన్నివేశం చూడటం కష్టం. కామెడీ హీరోగా మనకి అలవాటైన ముఖం అలా చిట్లిపోవడంలో ఉన్న నిజాయితీని కాదనలేం. విచారణ ఖైదీగా ఏళ్ళు గడిచిపోతాయి. తర్వాత లాయర్ ఆద్య (వరలక్ష్మి శరత్‌కుమార్) వస్తుంది. అతను బయటికొచ్చాక సినిమా ఐపీసీ 211 సెక్షన్ వైపు తిరుగుతుంది. ఎదుటి మనిషికి హాని చెయ్యాలని, తెలిసి తెలిసి తప్పుడు కేసు పెట్టినవాడిని శిక్షించే సెక్షన్ అది. మామూలు ప్రేక్షకుడు ఎప్పుడూ వినని ఒక సెక్షన్‌ని కథకి ఇరుసుగా పెట్టడం ఈ సినిమా చేసిన పెద్ద పని.

చిక్కు కూడా అక్కడే ఉంది. 211 పనిచెయ్యాలంటే కావాలని ఇరికించిన దుర్మార్గుడొకడు దొరకాలి. సినిమా వాడిని సిద్ధంగా పెట్టుకుంది, వాడి వెనకో రాజకీయ నాయకుణ్ణి కూడా పెట్టుకుంది. వాళ్ళు పట్టుబడ్డాక ప్రేక్షకుడు హాయిగా ఇంటికెళ్తాడు.

'కోర్ట్' (2025 మార్చి, దర్శకుడు రామ్ జగదీశ్) ఇంతకన్నా నేల మీద నడిచే సినిమా. 2013 నాటి విశాఖపట్నం. పంతొమ్మిదేళ్ళ చందు, పదిహేడేళ్ళ జాబిలి. ఆ పిల్ల ఇంటి పెద్దరికం చేసే మంగపతి (శివాజీ) పరువు కోసం కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. శివాజీ కళ్ళలో కనపడే ఆ అహంకారం మన వీధుల్లోదే. సినిమా చివరికి ఒక మంచి ప్రశ్న కూడా వేస్తుంది: పిల్లలకి ఈ చట్టం గురించి ఎవరైనా చెప్పారా అని. కానీ ఇక్కడా లెక్క అదే. మంగపతి లేకపోతే కేసు లేదు. లాయర్ సూర్యతేజ (ప్రియదర్శి) నిజాన్ని బల్ల మీద పెట్టగానే జడ్జిగారు దాన్ని గుర్తుపడతారు.

ఇక్కడ ఆగి ఆలోచిస్తే ఒక విషయం కనపడుతుంది. మన కోర్టు సినిమాల్లో జడ్జి దాదాపు ఎప్పుడూ తప్పు చెయ్యడు. 'వకీల్ సాబ్'లోనూ అంతే, 'జై భీమ్'లోనూ అంతే. అబద్ధాలన్నీ కోర్టు మెట్ల బయట తయారవుతాయి, లోపలికొచ్చాక మంచి లాయరుంటే విడిపోతాయి. తప్పుడు కేసు, తప్పుడు శిక్ష ఒకటి కావు. కేసు పెట్టడానికి ఒక మంగపతి చాలు. శిక్ష పడటానికి మాత్రం సాక్షుల్ని విని, కాగితాలు చదివి, కారణాలు రాసి, ఒక న్యాయమూర్తి ఇతనే చేశాడని నమ్మాలి. ఆ నమ్మకం ఎలా పుడుతుందో నేను చెప్పుకున్న ఈ సినిమాలేవీ చూపించవు.

ఆయేషా మీరా కేసుకి మళ్ళీ వస్తాను. 2008 ఆగస్టులో పోలీసులు పిడతల సత్యంబాబుని నిందితుడిగా చూపించారు. నందిగామ దగ్గర అనాసాగరం, దళిత కుటుంబం, కూలి పని. అసలు పట్టుకున్నది సెల్‌ఫోన్ దొంగతనాల కేసులో అన్నారు. ఇతను కాదు అని మొదటినుంచీ అన్నవాళ్ళలో ఆయేషా తల్లిదండ్రులే ముందున్నారు. బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళే వీడు కాదంటుంటే వినడానికి వ్యవస్థలో ఒక చోటు ఉండాలి. లేదు. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కింది కోర్టు ముందు డీఎన్‌ఏ పరీక్ష ఫలితం కూడా ఉంది, అయినా హైకోర్టులో ఆ కేసు నిలవలేదు. లక్ష రూపాయలు ఇవ్వమని ప్రభుత్వానికి చెప్పారు. అప్పటికి అతను లోపల ఎనిమిదేళ్ళకి పైగా గడిపాడు, అందులో గులియన్ బారీ అనే నరాల జబ్బుతో కాళ్ళు పనిచెయ్యని కాలం కూడా ఉంది.

ఈ కథని మన సినిమా తియ్యగలదా? తియ్యాలంటే ముందు సత్యంబాబుని కడిగి శుభ్రం చెయ్యాలి. సూర్యప్రకాశ్, చందు ఇద్దరూ మచ్చలేని పిల్లలు. ఫోన్ దొంగ అన్న మాట పడ్డవాడు నిర్దోషి పాత్రకి పనికిరాడు. నిజానికి స్టేషన్ వాళ్ళకి ముందు గుర్తొచ్చేది అలాంటివాళ్ళే. ఏదో ఒక రిజిస్టర్లో పేరున్నవాడు, అడగడానికి లాయర్ లేనివాడు. ఈ విషయం 'జై భీమ్'కి బాగా తెలుసు. తెలుగు సినిమాకి ఇంకా తెలియాలి.

'విసారణై' (2015) దీనికి దగ్గరగా వెళ్ళిన సినిమా. వెట్రిమారన్ దీన్ని కోయంబత్తూరు ఆటోడ్రైవర్ ఎం. చంద్రకుమార్ రాసిన 'లాకప్' నవల ఆధారంగా తీశాడు. నవల ఆయన సొంత అనుభవం. 1983లో గుంటూరులో పట్టుకుని, చెయ్యని దొంగతనం ఒప్పుకోమని రోజుల తరబడి కొట్టారు. సినిమాలో పాండి, అతని స్నేహితులు పార్కులో పడుకుని, పగలు కొట్లలో పనిచేసే తమిళ కూలీలు. వాళ్ళని కొట్టే పోలీసు అధికారి (అజయ్ ఘోష్) మాట్లాడేది మన తెలుగు. మన భాష అలా, అర్థంకాని లాఠీ భాషగా వినపడటం తెలుగువాడిగా నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆ ఇబ్బంది మంచిదే. ఇందులో పోలీసులకి ఆ కుర్రాళ్ళ మీద పగ లేదు. పెద్దవాళ్ళింట్లో దొంగతనం జరిగింది, పైనుంచి ఒత్తిడి ఉంది, కేసు మూసెయ్యాలి, అంతే. ఒప్పుకుంటే అందరికీ పని తేలికవుతుంది. కానీ ఇక్కడా కోర్టు మెట్లెక్కాక జడ్జి వాళ్ళ మాట విని వదిలేస్తాడు. ఆ తర్వాత రెండో సగం ఎంత చీకటిగా ఉన్నా, ఆ జడ్జి మాత్రం సరిగ్గానే విన్నాడు.

పోలీసుకి చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని మన చట్టం 1872 నుంచీ అంటోంది. దానికో కిటికీ కూడా పెట్టింది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. పాత చట్టంలో అది 27వ సెక్షన్, 2024 జూలై నుంచి అమలవుతున్న కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ నియమం ఉంది. ఒక వస్తువు, ఒక పంచనామా, రెండు సంతకాలు. ఇందులో ఎవరూ కోర్టులో అరవరు. న్యాయమూర్తి ముందుకొచ్చేసరికి కాగితం సరిగ్గానే ఉంటుంది. ఇంత మామూలుగా, ఇంత నిశ్శబ్దంగా జరిగేదాన్ని క్లైమాక్స్‌లో పట్టుకోవడం కష్టమని నేను ఒప్పుకుంటాను. కానీ సాహిత్యం, సినిమా ఉన్నది కష్టమైనవి చూపించడానికే కదా.

మా ఉద్యోగంలో ఒక అలవాటుంది. సిస్టమ్ పడిపోతే ముందు నిలబెడతాం. తర్వాత కూర్చుని ఎక్కడ, ఎందుకు పడిందో రాస్తాం. ఎవడు చేశాడన్నది చివరి ప్రశ్న. ఏ తనిఖీ దాన్ని ఆపాల్సింది, ఎందుకు ఆపలేదు అన్నది మొదటి ప్రశ్న. మన న్యాయవ్యవస్థలో నిర్దోషిగా విడుదల చేస్తే ఫైలు మూసేసినట్టే. సత్యంబాబు విడుదలయ్యాక మళ్ళీ దర్యాప్తు మొదలుపెడితే, విజయవాడ కోర్టులో ఉండాల్సిన సాక్ష్య వస్తువులే ధ్వంసమైపోయాయని బయటపడింది. 2018 నవంబర్‌లో హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి మళ్ళీ పోస్ట్‌మార్టం చేశారు. పన్నెండేళ్ళ తర్వాత ఆ తల్లి అక్కడ నిలబడాల్సి వచ్చింది. తప్పుడు శిక్ష ఇద్దరికి అన్యాయం చేస్తుందన్న సంగతి మన సినిమాల్లో ఎక్కడా రాదు. విడుదలైనవాడు జైలు గేటు దాటగానే పాట మొదలవుతుంది.

గేటు దాటాక ఏముంటుందో హైదరాబాద్‌కి బాగా తెలుసు. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుని, కోర్టుల్లో నిర్దోషులుగా తేలిన ముస్లిం యువకులకి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పరిహారంతో పాటు మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. ఏ తప్పూ చెయ్యనివాడికి మంచివాడివని కాగితం! తర్వాత 2013లో హైకోర్టు ఆ పరిహారం జీవోనే కొట్టేసింది. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ఇలాంటివాళ్ళకి పరిహారం కోసం ప్రత్యేకంగా చట్టపరమైన ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు సిఫారసుగానే ఉంది. ఇవి డ్రామా లేని విషయాలేం కాదు. ఆ సర్టిఫికెట్ చేతికి తీసుకున్న కుర్రాడి మీద ఒక కథ రాయొచ్చు.

నాకు కావాల్సిన సినిమా ఒకటుంది. అందులో ఏం జరిగిందో మనకి ముందు చూపించకూడదు. పోలీసు చూసిందే మనమూ చూడాలి. పంచనామా చూడాలి, సాక్షి మాట వినాలి, జడ్జితో పాటు మనమూ ఇంటర్వల్ దగ్గర వీడే చేశాడని అనుకోవాలి. మిగతా సగం, మనమెలా నమ్మామో మనకే చూపించాలి. 'నాంది', 'కోర్ట్' చూసి బయటికొచ్చిన నేను మంచివాడిని, ఎందుకంటే మొదటినుంచీ నిర్దోషి పక్కనే కూర్చున్నాను. ఆ మంచితనం నాకు టికెట్‌తో పాటు వచ్చింది.

అసలు నేనెవరి పక్కన కూర్చున్నానో చెప్పాలంటే 2008 ఆగస్టుకి వెళ్ళాలి. మా కాలేజీ హాస్టల్ టీవీ రూములో స్క్రోలింగ్ వస్తోంది. "దొరికాడ్రా" అని అరిచినవాళ్ళలో నేనొకణ్ణి. పిన్నికి ఫోన్ చేసి, "దొరికాడు పిన్నీ, ఇంక చెల్లిని హాస్టల్‌కి పంపించు" అని చెప్పాను. ఆయేషా తల్లిదండ్రులు అతను కాదంటున్న వార్త కూడా ఆ తర్వాత టీవీలో వచ్చింది. చూశాను. పాపం, బాధలో అంటున్నారు అనుకున్నాను. 2017లో ఆ తీర్పు వార్త ఆఫీసులో ఫోన్లో చూసి, వేలితో పైకి తోసేసి స్టాండప్ మీటింగ్‌కి వెళ్ళిపోయాను.

పిన్నికి మాత్రం ఇంతవరకూ మళ్ళీ ఫోన్ చేసి చెప్పలేదు, వాడు కాదంట అని.