అల్లుడు పట్నం నుంచే రావాలా?

కర్నూలు పిల్లను తెలుగు సినిమాలో ప్రేమించాలంటే పిల్లోడు పట్నం నుంచి దిగాల్సిందే. పిల్ల నాయనకు గుబురు మీసం, తెల్లబట్టలు, వాకిట్లో సుమోలు తప్పవు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’ వేసిన దారి ఇది. మూడేళ్లకు ‘జయం మనదేరా’లోనూ అదే హీరో వెంకటేశ్, అదే విలన్ జయప్రకాశ్ రెడ్డి. 2003లో ‘ఒక్కడు’కు వచ్చేసరికి నాయన బదులు, పెళ్లాడి తీరతానని వెంటపడే ఓబుల్ రెడ్డి వచ్చాడు. పిల్లను దాటించుకుపోయేవాడు మాత్రం హైదరాబాదు కబడ్డీ ఆటగాడే. ఆ సినిమా పుణ్యమా అని మా కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర విజయనగర రాజుల కన్నా మహేశ్ బాబు పేరే ఎక్కువ వినిపిస్తుంది.

అయితే, చెప్పిన కథే చెప్పడాన్ని తప్పుపట్టే హక్కు సీమవాళ్లకు లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన నాటక సమాజం తరతరాలుగా అవే కథలు ఆడింది. వేషాలు కట్టేదీ ఆ సమాజం కుటుంబాలవాళ్లే. ‘మాయాబజార్’లో శశిరేఖ ఎవరిని పెళ్లాడుతుందో తెలియక టికెట్ కొన్నవాళ్లు ఉండరు. ఘటోత్కచుడు ఎట్లా మాయమవుతాడు, ఈ పూట పద్యం ఎట్లా ఎత్తుకుంటారు, అదీ వాళ్లకు కావాల్సింది. అమెరికాలో నల్లజాతి వాళ్ల ప్రేమ హాస్య చిత్రాలూ ఇట్లా అవే ముఖాలతో నడిచినవే. 1999లో ‘ది బెస్ట్ మ్యాన్’లో నటించిన టే డిగ్స్, సనా లేథన్ 2002లో ‘బ్రౌన్ షుగర్’లో మళ్లీ జంటగా కనిపించారు.

మరి మొదట చెప్పిన ఆ ఫ్యాక్షన్ సినిమా ఎందుకు విసుగెత్తించింది? జయప్రకాశ్ రెడ్డినే తీసుకోండి. శిరివెళ్లలో పుట్టి, లెక్కల మాస్టారుగా పనిచేసి, నాటకాల్లో రాటుదేలిన మనిషి. ఆయన నోట సీమ మాట వింటే పక్కింటి పెద్దాయన కోపం గుర్తొచ్చేది. ఆ గొంతుతోనే తర్వాత కడుపుబ్బ నవ్వించాడు, ‘అలెగ్జాండర్’ నాటకాన్ని ఒక్కడే నడిపాడు. ఆయన్ను పదిసార్లు ఒకే వేషంలో చూసినా నాకు మొహం మొత్తలేదు. తర్వాత వచ్చినవాళ్లు మీసం తీసుకున్నారు, సుమోలు తీసుకున్నారు, మాట వదిలేశారు. ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’ రెండింట్లోనూ ముఖేష్ రుషి ఆకారం బాగుంటుంది. గొంతే అరువు.

మా పగల మీద నాకు బాగా నచ్చిన హాస్య చిత్రం 2010 నాటి ‘మర్యాద రామన్న’. దాని మూలం 1923లో బస్టర్ కీటన్ తీసిన మూగ సినిమా ‘అవర్ హాస్పిటాలిటీ’! గడప లోపల ఉన్న అతిథిని చంపకూడదన్న నియమం అమెరికా కొండ ఊళ్ల నుంచి సీమకు నడిచొచ్చి, చక్కగా ఇమిడిపోయింది. ఫార్ములాకు ఊరు లేదు. ఊరిని దానిలోకి తేవాల్సింది రాసేవాడు, ఆడేవాడు.

అందుకే 2021లో రాయచోటి కుర్రాడు కిరణ్ అబ్బవరం తానే రాసి నటించిన ‘ఎస్ఆర్ కల్యాణమండపం’ నాకు ముఖ్యం. గొప్ప సినిమా అనను. తండ్రీ కొడుకుల కథ, కాలేజీ ప్రేమ, అన్నీ పాత సరుకే. కానీ ఆ ప్రేమకు పట్నం అల్లుడు అక్కర్లేకపోయింది. పెళ్లి మండపం కిరాయికి పోవడం లేదన్న దిగులే కథకు సరిపోయింది. రాసేవాళ్లూ, మీ ఫార్ములా మీ దగ్గరే ఉంచుకోండి. ఈసారి ప్రొద్దుటూరు పిల్లకు జమ్మలమడుగు పిల్లోడిని చూడండి.